అలుగు పూడ్చి గట్టు పెంచితే శ్రీనగర్ నిలుస్తుందా?

2025 సెప్టెంబరు తొలివారంలో జీలం నది శ్రీనగర్‌లోని రాంమున్షీబాగ్ కొలమానం వద్ద 21 అడుగుల ప్రమాద స్థాయిని దాటింది. నగర శివార్లలో, బుడ్గాం జిల్లా పరిధిలో గట్టుకు గండి పడింది. పల్లపు కాలనీల వారు సామాను మేడల మీదికి చేర్చుకున్నారు. లోతట్టు గ్రామాల ప్రజలను అధికారులు సురక్షిత ప్రాంతాలకు తరలించారు. అంతలో వాన తెరిపి ఇచ్చింది. నీరు తగ్గింది, నగరం గండం గట్టెక్కింది. అయితే నగరాన్ని కాపాడినది రక్షణ ఏర్పాట్లా, లేక వాన ఆగిపోవడమా అన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. 2014 నాటి మహా వరద తర్వాత పదకొండేళ్లు గడిచినా ఆ ప్రశ్నకు ధైర్యంగా బదులు చెప్పగల స్థితిలో పాలనా యంత్రాంగం లేకపోవడమే ఆందోళన కలిగించే విషయం.

వరద వచ్చిన ప్రతిసారీ వినిపించే కోరిక ఒక్కటే: గట్టు పెంచండి, గోడ కట్టండి. ఆ కోరిక సహజమైనదే. ఇంటి ముందు నిలిచిన నదిని చూసి భయపడిన మనిషికి కళ్లముందు కనిపించే రక్షణ గోడ ఒక్కటే. పాలకులకూ గోడ అనుకూలమైన పనే. శంకుస్థాపన చేయవచ్చు, ఎన్ని కిలోమీటర్లు పూర్తయిందో లెక్క చెప్పవచ్చు. కానీ చెరువు కింద వ్యవసాయం చేసిన ఏ తెలుగు రైతును అడిగినా ఒక మాట చెబుతాడు. అలుగు పూడిపోయిన చెరువుకు గట్టు ఎంత ఎత్తు పెంచినా అది రక్షణ కాదు, తెగినప్పుడు జరిగే నష్టాన్ని పెంచుకోవడమే. శ్రీనగర్‌లో ఈనాడు జరుగుతున్న వాదనంతటికీ ఈ సామాన్య సత్యమే గీటురాయి కావాలి.

ఒకే ద్వారం ఉన్న లోయ

కాశ్మీర్ లోయ చుట్టూ కొండలున్న ఒక పెద్ద గిన్నె వంటిది. వెరినాగ్ వద్ద పుట్టిన జీలం అనంతనాగ్, సంగం, పాంపోర్ మీదుగా శ్రీనగర్ చేరి, అక్కడి నుంచి వులర్ సరస్సులో ప్రవేశించి, సోపూర్ మీదుగా బారాముల్లా వద్ద కొండల మధ్య ఇరుకు దారిలో లోయను వదిలి వెళ్తుంది. లోయలో పడిన ప్రతి చినుకుకూ బయటికి పోయే దారి అదొక్కటే. కొండల మీది నుంచి ఉపనదులు ఉరవడితో దిగుతాయి గానీ, లోయ నడుమ జీలం పారే నేలకు వాలు చాలా స్వల్పం. అందుకే ఒకప్పుడు అనంతనాగ్ దగ్గరి ఖన్నబల్ నుంచి బారాముల్లా దగ్గరి ఖాదన్యార్ దాకా పడవలు నిరాటంకంగా నడిచేవి. పడవకు అనుకూలమైన ఆ నిదానమే వరద వేళ శాపమవుతుంది. వచ్చే నీరు వేగంగా వస్తుంది, పోయే నీరు మెల్లగా పోతుంది.

ఈ తేడాను సర్దడానికి ప్రకృతి చేసిన ఏర్పాటే లోయలోని సరస్సులు, చిత్తడి నేలలు. వరద నీరు ముందు వాటిలోకి వ్యాపించి, తర్వాత కొద్దికొద్దిగా నదిలోకి దిగేది. వాటిలో పెద్దది వులర్. శ్రీనగర్ పక్కనున్న హోకర్సర్ వంటి చిత్తడులూ తమ వంతు పని చేసేవి. కనుక శ్రీనగర్ వరద రక్షణ అంటే నగరంలో కనిపించే గట్టు మాత్రమే కాదు. నగరానికి ఎగువన నీరు మళ్లే కాల్వ, పక్కన నీరు నిలిచే చిత్తడి, దిగువన నీరు ఇమిడే సరస్సు, చివర నీరు వెళ్లే ద్వారం - ఈ నాలుగూ కలిస్తేనే అది రక్షణ. గట్టు అయిదవది మాత్రమే.

సుయ్యుడు మొదలు పెట్టిన చోటు

ఈ సత్యం ఆధునిక ఇంజనీర్లు కొత్తగా కనుగొన్నది కాదు. తొమ్మిదవ శతాబ్దంలో అవంతివర్మ పాలించిన కాలంలో సుయ్యుడనే మేధావి వరదల నుంచి లోయను కాపాడిన వృత్తాంతాన్ని కల్హణుడు రాజతరంగిణిలో వివరించాడు. వరదల వల్ల పంట లేక కరవు కాటకాలతో ప్రజలు అలమటిస్తుండగా, తనకు ధనమిస్తే నివారణోపాయం చూపగలనని సుయ్యుడు ముందుకు వచ్చాడు. రాజు ఇచ్చిన నాణేలను తీసుకుపోయి నదిలో విసిరాడు. సభికులు అతడిని పిచ్చివాడన్నారు. కానీ అతడు నాణేలు విసిరినది కొండరాళ్లు జారిపడి నది దారి మూసుకుపోయిన చోట. ఆకలితో ఉన్న జనం నాణేల కోసం నీటిలో దిగి రాళ్లను తొలగించారు. తర్వాత అతడు ఏడు రోజుల పాటు నదికి అడ్డుకట్ట వేయించి, అడుగున పూడిక తీయించి, కొండరాళ్లు మళ్లీ జారిపడకుండా రాతి గోడలు కట్టించి, ఆ పిమ్మట అడ్డుకట్టను తెంచాడు. మునిగిన భూములు బయటపడ్డాయి. అంతకుముందు రెండు వందల దీనారాలు పలికిన ఖారీ బియ్యం ధర ముప్పై ఆరు దీనారాలకు దిగిందని కల్హణుడు లెక్క చెప్పాడు. సోపూర్ పట్టణం ఆ సుయ్యుడి పేరు మీద వెలసిన సుయ్యపురమే.

ఈ కథలో నాణేల చమత్కారాన్ని అందరూ చెప్పుకుంటారు. గమనించవలసింది మరొకటి. సుయ్యుడు నది వెంట గట్లు కూడా కట్టించాడు. కానీ ముందు చేసిన పని గట్టు కాదు, దిగువన నీటి దారి తెరవడం. వరద అనే ఆర్థిక సమస్యకు అతడు ఎంచుకున్న క్రమం అది. బియ్యం ధరలో దాని ఫలితం కనిపించింది.

1903 తర్వాత

వెయ్యేళ్ల తర్వాత డోగ్రా పాలనలోనూ అదే పాఠం పునరావృతమైంది. 1893 జులైలో వచ్చిన వరదలో నగర వంతెనలు కొట్టుకుపోయాయి, వేల ఎకరాల పంట మునిగింది. అప్పటి సెటిల్‌మెంట్ అధికారి వాల్టర్ లారెన్స్ ఆ నష్టాన్ని నమోదు చేశాడు. పదేళ్లకే, 1903లో, అంతకంటే ఘోరమైన వరద వచ్చింది. ఆ తర్వాత చేపట్టిన పనులు రెండు. మొదటిది వరద మళ్లింపు కాల్వ. నగరానికి ఎగువన పాద్షాహీబాగ్ వద్ద జీలం నుంచి చీలి, నగరం పక్కగా హోకర్సర్ చిత్తడి మీదుగా సాగి, దిగువన తిరిగి నదీ వ్యవస్థలో కలిసే ఈ కాల్వ పొడవు సుమారు 42 కిలోమీటర్లు. నగరంలోకి వచ్చే నీటిలో కొంత భాగాన్ని ముందే పక్కకు తప్పించడం దాని ప్రయోజనం. దాని మూల సామర్థ్యం 17,000 క్యూసెక్కులు. రెండవది బారాముల్లా వద్ద నది అడుగు లోతు చేయడం. మొహోరా జలవిద్యుత్ కేంద్రం నుంచి వచ్చిన విద్యుత్తును ఆ పూడికతీత యంత్రాలకు వినియోగించారు. దేశంలో జలవిద్యుత్తు ఇంకా బాల్యావస్థలో ఉన్న రోజుల్లో ఒక సంస్థానం ఆ కొత్త శక్తిని ముందుగా నది అడుగు తవ్వడానికి కేటాయించడం, ఆ పనికి ఇచ్చిన ప్రాముఖ్యాన్ని చెబుతుంది.

దశాబ్దాలు గడిచాయి. పెద్ద వరద రాని ఏళ్లలో పూడికతీత వెనుకబడింది. మళ్లింపు కాల్వ పూడిపోయి, ఒడ్లు ఆక్రమణలకు గురై, మూల సామర్థ్యంలో చిన్న భాగానికి పరిమితమైంది. 1970 దశకంలో పాత నగరం గుండా పారే నల్లా మార్ కాల్వను పూడ్చి రోడ్డు వేశారు. పదిహేనవ శతాబ్దపు సుల్తాన్ జైనులాబిదీన్ కాలం నాటిదిగా పేరున్న ఆ జలమార్గం అలా వాహనాల మార్గమైంది. వులర్ సరస్సులో వంటచెరకు కోసం, కలప కోసం విల్లో చెట్లు నాటారు. ఆ చెట్ల వేళ్లు పూడికను పట్టి ఉంచాయి, సరస్సు నేలగా మారింది. చుట్టూ ఉన్న చిత్తడులతో కలిపి 1911లో 217 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న వులర్ విస్తీర్ణం 2007 నాటికి సుమారు 87 చదరపు కిలోమీటర్లకు కుదించుకుపోయిందని వెట్‌లాండ్స్ ఇంటర్నేషనల్ అధ్యయనం తేల్చింది. 1990లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేరిన సరస్సు గతి ఇది. ఒక చెరువు అలుగు ఇంతకంటే పద్ధతిగా పూడ్చడం సాధ్యం కాదు.

2014 చెప్పిన సాక్ష్యం

హెచ్చరిక లేకపోలేదు. 2010లో నాటి రాష్ట్ర వరద నియంత్రణ శాఖే, అయిదేళ్లలో శ్రీనగర్‌కు పెద్ద వరద ముప్పు ఉందని అంచనా వేసి 2,200 కోట్ల రూపాయల పథకాన్ని ప్రతిపాదించింది. కోరిన దానిలో స్వల్ప భాగానికే ఆమోదం దక్కింది. అయిదేళ్లు తిరగకముందే ఆ అంచనా నిజమైంది.

2014 సెప్టెంబరు తొలివారంలో ఎడతెరిపి లేకుండా వానలు కురిశాయి. సంగం వద్ద జీలం ప్రవాహం లక్ష క్యూసెక్కులను మించింది. నగరంలో నది ఇమడ్చుకోగలిగినది అందులో మూడవ వంతుకు అటూ ఇటూ మాత్రమే. సెప్టెంబరు 7న శ్రీనగర్ మునిగింది. రాంమున్షీబాగ్ వద్ద నీటిమట్టం 29 అడుగులు దాటింది. సచివాలయం, హైకోర్టు, పెద్దాసుపత్రులు జలమయమయ్యాయి. ఫోన్లు మూగబోయి, ప్రభుత్వమే ఎక్కడుందో ప్రజలకు తెలియని పరిస్థితి ఏర్పడింది. పిల్లల ఆస్పత్రిలోకి నీరు చేరి పసికందులు ప్రాణాలు కోల్పోయారు. లాల్‌మండీలోని శ్రీ ప్రతాప్‌సింగ్ మ్యూజియంలో శాలువలు, కాగితపు గుజ్జు కళాఖండాలు నీట నానాయి. రాష్ట్రంలో దాదాపు 280 మంది మరణించారు. అదే వానలకు పాకిస్తాన్‌లో మూడు వందల మందికి పైగా చనిపోయారు. నష్టం లక్ష కోట్ల రూపాయలని నాటి రాష్ట్ర ప్రభుత్వం అంచనా వేసింది.

ఆ వరదలో రెండు విషయాలు ప్రత్యేకంగా గమనించదగినవి. మొదటిది, ఏడు పాత వంతెనల చుట్టూ అల్లుకున్న చారిత్రక నగరంలో చాలా భాగం మునగలేదు. ఖాన్‌ఖా-ఎ-మౌలా వంటి కట్టడాలను నది ఒడ్డునే నిర్మించిన పూర్వులు ఎత్తయిన నేలను ఎంచుకున్నారు. నది ఎక్కడిదాకా వస్తుందో తరతరాల అనుభవం వారికి నేర్పింది. మునిగినవి రాజ్‌బాగ్, జవహర్‌నగర్, బెమీనా వంటి ప్రాంతాలు. నది పొంగినప్పుడు పరుచుకునే పల్లంలో, గట్టు ఉందన్న ధీమాతో ఇటీవలి తరాల్లో పెరిగిన కాలనీలవి.

రెండవది, నది తగ్గిన తర్వాతా నీరు తగ్గలేదు. నగరంలోకి నదిని రానివ్వకూడదని కట్టిన గట్టే లోపలికి వచ్చిన నీటిని బయటికి పోనివ్వకుండా పట్టి ఉంచింది. కొన్ని కాలనీల్లో వారాల తరబడి మురుగునీరు నిలిచిపోయింది. దాన్ని తోడిపోయడానికి దేశంలో దొరికిన చోటల్లా పంపులు సేకరించారు. విశాఖపట్నంలో తయారైన పంపులనూ తరలించారు. గోదావరి, కృష్ణా కరకట్టల మధ్య పెరిగిన తెలుగువారికి ఈ ఇబ్బంది కొత్త కాదు. కరకట్ట ఎంత ఎత్తున్నదనే దానితో సమానంగా, దాని తూములు ఎలా ఉన్నాయి, లోపలి వాన నీటిని తోడే ఏర్పాటు ఉందా అన్నవీ ముఖ్యమే.

గట్టు ఇచ్చే ధీమా

గట్లు అక్కరలేదని చెప్పడం ఇక్కడి ఉద్దేశం కాదు. లక్షలాది జనాభా గల నగరాన్ని మధ్యలో వదిలి నదికి స్వేచ్ఛ ఇవ్వాలనడం అవివేకం. చిన్న, మధ్యతరహా వరదల నుంచి గట్టు నిజంగానే కాపాడుతుంది. బలహీనంగా ఉన్న చోట్ల దాన్ని పటిష్ఠం చేయాలి, బుంగలు పూడ్చాలి, రాతికట్టు వేయాలి. 2025లో గండి పడిన తీరు చూస్తే ఆ పని ఎంత మిగిలి ఉందో తెలుస్తుంది. చిక్కల్లా గట్టు కల్పించే ధీమాతోనే. ఏటా చిన్న వరదను ఆపి ఆపి, పెద్ద వరద రాదన్న నమ్మకాన్ని అది పెంచుతుంది. ఆ నమ్మకంతో గట్టు వెనుక భూమి ధర పెరుగుతుంది. ఇళ్లు వస్తాయి. ఇళ్లు వచ్చాక గట్టు ఇంకా పెంచాలన్న ఒత్తిడి వస్తుంది. పెంచిన గట్టు తెగిన నాడు నష్టం పదింతలవుతుంది.

ఈ వలయంలో ప్రజలను మాత్రమే తప్పు పట్టడం న్యాయం కాదు. పల్లంలో కాలనీలకు లేఅవుట్లు వేసింది, రోడ్లు, కరెంటు ఇచ్చింది ప్రభుత్వ సంస్థలే. దాల్ సరస్సును కాపాడే పేరిట అక్కడి కుటుంబాలను తరలించడానికి ఎంచుకున్న స్థలం రఖ్-ఎ-ఆర్థ్. అదీ చిత్తడి నేలే. 2014లో అదీ మునిగింది. ఒక జలాశయాన్ని కాపాడటానికి మరొక జలాశయంలో మనుషులను దింపిన విధానానికి ఇంతకంటే వ్యాఖ్య అక్కరలేదు. లోయలో వరద మైదానాల మీదుగా సాగే రైలు మార్గం, రహదారుల ఎత్తయిన కట్టలు నీటి సహజ నడకకు అడ్డు వస్తాయన్న అభ్యంతరాలకూ తగిన జవాబు రావలసి ఉంది. ప్రతి శాఖ తన కట్ట తాను కట్టుకుంటూ, వరద విషయం మరో శాఖకు వదిలేసే పద్ధతి కొనసాగినంతకాలం నగరానికి రక్షణ లేదు.

లెక్క ఏమి చెబుతుంది?

2014 తర్వాత కేంద్రం స్పందించలేదని అనలేము. 2015 నవంబరులో ప్రకటించిన 80,000 కోట్ల రూపాయల ప్రధానమంత్రి అభివృద్ధి ప్యాకేజీలో జీలం వరద నివారణకు చోటు దక్కింది. ప్రపంచ బ్యాంకు 25 కోట్ల డాలర్ల రుణంతో పునర్నిర్మాణ పథకం నడిచింది. జీలం పథకం తొలిదశకు సుమారు 400 కోట్లు కేటాయించారు. నది ఇమడ్చుకోగల ప్రవాహాన్ని సుమారు 31,800 క్యూసెక్కుల నుంచి 41,000 క్యూసెక్కులకు పెంచడం దాని ఫలితమని అధికారుల లెక్క. రెండవ దశ అంచనా 1,600 కోట్ల పైచిలుకు. లక్ష్యం 60,000 క్యూసెక్కులు.

ఈ అంకెలను 2014 వరద పక్కన పెట్టి చూడాలి. రెండవ దశ సంపూర్ణంగా ముగిసిన నాడు కూడా నది భరించగలిగేది నాడు సంగం దాటిన నీటిలో సగానికి కాస్త ఎక్కువ. మిగిలిన నీరు ఎక్కడికి పోవాలి? దాన్ని మోసే గోడ ఏదీ శ్రీనగర్‌లో కట్టలేరు. కట్టినా ఆ గోడ నగరానికి నదిని కనిపించనివ్వదు. మెట్ల ఘాట్లు, దేవదారు పలకల ఇళ్లు, మసీదులు, మందిరాలు నది వైపు ముఖం చేసుకుని నిలిచిన నగరానికి అది మరొక రకం ధ్వంసం. మిగిలిన నీటికి జవాబు మళ్లింపు కాల్వలో, చిత్తడుల్లో, వులర్‌లో, బారాముల్లాలోనే వెతకాలి.

ఖర్చు కోణంలో చూసినా ఇదే తేలుతుంది. రెండు దశల వ్యయం కలిపినా రెండు వేల కోట్లకు కాస్త పైన. 2014లో ఒక్క వారంలో జరిగిన నష్టంగా రాష్ట్రం చెప్పిన మొత్తంలో అది రెండు శాతం. రాష్ట్ర అంచనాను సగానికి తగ్గించి చూసినా నాలుగు శాతం. వరద రాకముందు ఖర్చు పెట్టడానికి పది సంతకాలు కావాలి. వచ్చిన తర్వాత నష్టపరిహారానికి ఖజానా తలుపులు వాటంతటవే తెరుచుకుంటాయి. మన ప్రణాళికా వ్యవస్థలోని ఈ లోపం ఒక్క కాశ్మీర్‌కే పరిమితం కాదు.

ఎవరి పొలం మునగాలి?

అన్నింటికంటే కష్టమైన ప్రశ్న ఇంజనీరింగుకు సంబంధించినది కాదు. పాత రోజుల్లో నగరం మునిగే ప్రమాదం వచ్చినప్పుడు ఎగువన కందిజాల్ వద్ద ఎడమ గట్టుకు కావాలనే గండి కొట్టి నీటిని పొలాల్లోకి వదిలే అలవాటు ఉండేది. నగరం కోసం పల్లె మునిగేది. ఆనాడు అక్కడ ఉన్నవి వరి మళ్లు. ఈనాడు అక్కడా ఇళ్లు, దుకాణాలు, బడులు వచ్చాయి. ఆ గండి కొట్టే అధికారం ఎవరికి ఉంది? కొడితే మునిగిన వారికి ఏమి ఇస్తారు? ఈ ప్రశ్నలకు వరద రాత్రి జవాబు వెతకడం సాధ్యం కాదు. నదికి చోటు వదలాలని నగరవాసి చెప్పడం తేలిక. ఆ చోటు పల్లెవాడి పొలమైనప్పుడు అది త్యాగం కాదు, బలవంతపు వసూలు.

కనుక వరద నీటిని తన నేల మీద నిలుపుకునే రైతుకు ముందుగానే రాసిచ్చిన హక్కు ఉండాలి. ఏ మట్టం దాటితే ఏ పొలాల్లోకి నీరు వదులుతారో పటం వేసి ఊరూరా ప్రకటించాలి. పంట నష్టం, ఇసుక మేట తొలగింపు ఖర్చు మధ్యవర్తులు లేకుండా నెలలోగా అందాలి. మళ్లింపు కాల్వ, చిత్తడుల హద్దుల్లోంచి ఖాళీ చేయించే కుటుంబాలకు మెట్ట భూమిలో ఇళ్లు సిద్ధమైన తర్వాతే తరలింపు మొదలవాలి. మరో రఖ్-ఎ-ఆర్థ్‌ను సృష్టించరాదు. ఈ షరతులు లేకుండా నదికి చోటు అనే మాట కాగితం మీదే ఉంటుంది.

పని క్రమం

చేయవలసిన పనులకు ఒక వరుస ఉంది. మొదట బారాముల్లా వద్ద, వులర్ నుంచి వెలుపలికి పోయే దారిలో పూడికతీత. అది ఒకసారి చేసి రిబ్బను కత్తిరించి మరచిపోయే పని కాదు. నది ఏటా పూడిక తెస్తుంది, కనుక ఏటా తీయాలి. దానికి వార్షిక బడ్జెట్‌లో శాశ్వత పద్దు ఉండాలి. రెండవది, వులర్‌లోని విల్లో తోటల తొలగింపును, సరస్సు పూడికతీతను గడువు పెట్టుకుని పూర్తి చేయడం. మూడవది, మళ్లింపు కాల్వకు 1903 నాటి సామర్థ్యాన్నైనా తిరిగి ఇవ్వడం. అయితే ఇందులో జాగ్రత్త అవసరం. 2014 తర్వాత కాల్వ పనుల కోసం హోకర్సర్ గుండా తవ్విన తవ్వకం చిత్తడిలోని నీటిని బయటికి లాగి, వలస పక్షుల నెలవు ఎండే పరిస్థితి తెచ్చింది. తర్వాత నీటిని నిలిపేందుకు గేట్ల నిర్మాణం తలపెట్టవలసి వచ్చింది. చిత్తడిని కాల్వగా మార్చడం రక్షణ కాదు. నీరు నిలిచే చోటు నిలిచే చోటుగానే ఉండాలి. నాలుగవది, కొత్త నిర్మాణాలకు వరద మైదానంలో అనుమతి నిలిపివేయడం. ఆ నియమం మొదట ప్రభుత్వ భవనాలకు వర్తించాలి. గట్టు పటిష్ఠం చేయడం వీటన్నింటితో పాటు సాగవలసిన పని. వీటికి బదులుగా చేసే పని కాదు.

ఈ సందర్భంలో వులర్ ముఖద్వారం వద్ద తుల్‌బుల్ బ్యారేజీ ప్రస్తావన మళ్లీ వస్తోంది. పాకిస్తాన్ అభ్యంతరంతో 1987లో ఆగిపోయిన పథకమిది. 2025 ఏప్రిల్‌లో సింధు జలాల ఒప్పందాన్ని భారత్ నిలిపి ఉంచిన తర్వాత దాన్ని పూర్తి చేయాలన్న వాదన బలపడింది. పడవల రాకపోకలకు, చలికాలపు నీటిమట్టానికి దాని ప్రయోజనాలు దానికి ఉండవచ్చు. కానీ వులర్ నీటిని పట్టి ఉంచే కట్టడం, పూడిక తీయని వులర్‌కు మందు కాదు. దౌత్య పంతాల వేడిలో సరస్సు లోతు మాట మరుగున పడరాదు. నది సరిహద్దు దాటి పోతుంది గనుక ఎగువ వరద సమాచారం దిగువకు అందడం కూడా మానవతా ధర్మమే. 2014లో మృత్యువు రేఖకు ఇరువైపులా తిరిగింది.

2014 నాటి బురద గీతలు శ్రీనగర్ ఇళ్ల గోడల మీద చాలాకాలం నిలిచాయి. సున్నం వేయడంతో అవి చెరిగిపోయాయి. వాటితో పాటు పట్టుదలా చెరిగిపోయిందనడానికి 2025 గండి ఒక గుర్తు. ప్రకృతి ఈసారి ఒక గడువు ఇచ్చి వెళ్లింది. ఆ గడువులో నగరంలో గోడ ఎన్ని అడుగులు పెరిగిందన్నది కాదు, బారాముల్లా వద్ద నది ఎన్ని అడుగులు లోతైందన్నది లెక్కకు రావాలి. సభికులు నవ్వుతున్నా సుయ్యుడు నాణేలు విసిరినది నగర వీధుల్లో కాదు, రాళ్లు అడ్డుపడిన చోట. ఢిల్లీ, శ్రీనగర్ ప్రభుత్వాలు తమ నాణేలను ఎక్కడ విసురుతాయో వచ్చే బడ్జెట్లు తేల్చాలి.